జీతం చీటీ చదువుకుందాం

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

మన ఇళ్ళలో లెక్కల కాగితాలకు లోటు లేదు. పాల పద్దు కాలెండరు మీద ఉంటుంది. కిరాణా చిట్టా పోపులడబ్బా కింద ఉంటుంది. గ్యాసు పుస్తకం, కరెంటు బిల్లులు, పిల్లల ఫీజు రసీదులు, చిట్టీల పుస్తకం - ఏది అడిగినా రెండు నిమిషాల్లో తీసి చేతిలో పెడతాం. పాలవాడు అరలీటరు ఎక్కువ వేశాడంటే తేదీతో సహా చెప్పి దిద్దిస్తాం. లెక్కలో మనల్ని మోసం చేయడం అంత తేలిక కాదు.

కాని ఒక్క కాగితం దగ్గర మాత్రం మనం ఉదారంగా ఉంటాం. అదే జీతం చీటీ. నెలాఖరున ఇచ్చే ఆ పే స్లిప్పును అడుగున ఉన్న అంకె చూసి మడిచి సంచిలో పడేస్తాం. వారం తిరిగేసరికి అది బస్సు టిక్కెట్లలో కలిసిపోతుంది. ఈ రోజుల్లో అది ఫోనులోకి వస్తోంది కనుక, చాలామంది తెరిచైనా చూడరు. "జీతం బ్యాంకులో పడింది కదా, ఇంక చీటీతో పనేమిటి?" అంటారు.

పని ఉంది. ఎంత పని ఉందో మా వీధి చివర ఉండే ఒక వదినగారి సంగతి చూశాక నాకు బాగా తెలిసింది.

ఆవిడ రెడీమేడ్ దుస్తులు కుట్టేచోట పదకొండేళ్ళు మిషను మీద పనిచేశారు. యాభై ఎనిమిది నిండాక మానేసి, పింఛను కోసం పి.ఎఫ్. కార్యాలయానికి వెళ్ళారు. అక్కడివాళ్ళు లెక్క చూసి, "అమ్మా, మీ ఖాతాలో తొమ్మిదేళ్ళే కనిపిస్తున్నాయి. పింఛనుకు పదేళ్ళ సర్వీసు ఉండాలి. మీకు పింఛను రాదు, ఉన్న డబ్బు తీసుకోవచ్చు" అన్నారు. ఆవిడ నిర్ఘాంతపోయారు. తీరా విచారిస్తే మధ్యలో ఇరవైనాలుగు నెలలు ఖాళీ. ఆ నెలల్లో యజమాని డబ్బు కట్టనేలేదు. "నా జీతంలో ప్రతినెలా కోసుకున్నారండీ" అన్నారావిడ. "కోసినట్టు కాగితం ఏమైనా ఉందా?" అని అడిగారు వాళ్ళు.

ఆ ప్రశ్నకు ఆవిడ ఏం జవాబు చెప్పారో చివర చెబుతాను. ముందు ఆ కాగితంలో ఏముంటుందో, దానికి అంత విలువ ఎందుకో చూద్దాం.

బ్యాంకు పుస్తకానికీ జీతం చీటీకీ ఉన్న తేడా ఒక్క మాటలో చెప్పవచ్చు. బ్యాంకు పుస్తకం మనకు వచ్చిన డబ్బు చెబుతుంది. జీతం చీటీ మనకు రాకుండా ఆగిన డబ్బు కూడా చెబుతుంది. వచ్చిన డబ్బు ఎలాగూ వచ్చింది, ఖర్చు పెట్టుకున్నాం. మన పేరున ఎక్కడో జమ కావలసిన డబ్బుకూ, పనిచేసిన రోజులకూ, ముందుముందు రావలసిన హక్కులకూ మన చేతిలో ఉండే రుజువు ఈ చీటీయే.

ఒక చీటీని ముందు పెట్టుకుని పైనుంచి కిందికి చదువుదాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే.

అన్నిటికన్నా పైన మీ పేరు ఉంటుంది. దాన్నే ముందు సరిచూసుకోండి. మన ఆడవాళ్ళకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. చదువుకున్న సర్టిఫికెట్లలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్ కార్డులో అత్తింటి ఇంటిపేరు, జీతం చీటీలో రెండూ కాక ఒట్టి పొడి అక్షరం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ దీనివల్ల ఇబ్బంది కనిపించదు. డబ్బు తీసుకునే రోజున మాత్రం "ఈ పేరు వేరు, ఆ పేరు వేరు" అని దరఖాస్తు వెనక్కి వస్తుంది. అందుకని ఆధార్‌లో ఉన్నట్టే చీటీలోనూ, పి.ఎఫ్. ఖాతాలోనూ ఉండేలా మొదటి నెలలోనే దిద్దించుకోండి.

పేరు పక్కన రెండు నంబర్లు ఉండాలి. ఒకటి పన్నెండు అంకెల యు.ఎ.ఎన్., అంటే పి.ఎఫ్. నంబరు. 2014 నుంచి ఇస్తున్న ఈ నంబరు మనిషికి ఒక్కటే ఉంటుంది. ఉద్యోగం మారినా మారదు. రెండవది పది అంకెల ఇ.ఎస్.ఐ. నంబరు. కోత ఉండి నంబరు లేకపోతే, ఆ కోసిన డబ్బు ఎవరి పేరున జమ అవుతోందని అడగవలసిందే.

తరువాత పనిదినాలు. ఈ గడిని చాలామంది దాటేస్తారు. నెలకు 14,000 రూపాయల జీతం అనుకోండి. 26 పనిదినాల లెక్కన రోజుకు 538 రూపాయలు. మీరు 26 రోజులూ వెళ్ళినా చీటీలో 24 అని పడితే వెయ్యి రూపాయల పైన పోయినట్టే. పోయేది ఆ వెయ్యే కాదు. ఇ.ఎస్.ఐ.లో జబ్బు భత్యం రావాలంటే ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా ఉండాలి. ఆ కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు ఒకటి. ప్రసూతి భత్యానికి అంతకుముందు వరుసగా వచ్చిన రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులు ఉండాలి. ఉంటే మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలపాటు జీతానికి బదులు భత్యం వస్తుంది. కనుక గర్భిణిగా ఉన్నావిడకు పనిదినాల గడిలో పడే ప్రతి అంకే విలువైనది. మీరు వెళ్ళిన రోజులను కాలెండరు మీద చిన్న టిక్కు పెట్టుకుంటే నెలాఖరున చీటీతో పోల్చుకోవచ్చు. పాల పద్దుకు చేసే పనే ఇది.

ఓవర్‌టైము చేసి ఉంటే ఆ గంటలు కూడా చీటీలో ఉండాలి. చట్టప్రకారం దానికి మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి. మనం చెప్పుకునే 14,000 జీతానికి రోజుకు ఎనిమిది గంటల చొప్పున గంటకు 67 రూపాయలు పడుతుంది. ఓవర్‌టైము గంటకు 134 రావాలి.

ఇప్పుడు చీటీలో ఒకవైపు వచ్చేవి, ఒకవైపు పోయేవి ఉంటాయి. వచ్చేవాటిలో మొదటిది బేసిక్, అంటే మూల వేతనం. దాని కింద కరువు భత్యం, అంటే డి.ఏ. ఆ తరువాత ఇంటి అద్దె, రవాణా వగైరా అలవెన్సులు. "ఏ పేరుతో ఇస్తేనేం, మొత్తం అంతే కదా" అనుకుంటాం. అంతే కాదు. పి.ఎఫ్. లెక్కకూ గ్రాట్యుటీ లెక్కకూ ఆధారం ముఖ్యంగా బేసిక్, డి.ఏ.లే. అందుకనే కొన్నిచోట్ల బేసిక్‌ను మరుగుజ్జును చేసి అలవెన్సులను తాటిచెట్టంత చేస్తారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం, లెక్కలోకి రాని ఇలాంటి అలవెన్సులు మొత్తం ప్రతిఫలంలో సగం మించితే, మించినంత మేరకు వేతనంగానే లెక్కించాలి.

గ్రాట్యుటీ సంగతి ఎత్తాను కనుక అదీ చెబుతాను. 1972 నాటి చట్టంతో వచ్చిన హక్కు ఇది. అయిదేళ్ళు పనిచేసి మానేసినవాళ్ళకు ఏడాదికి పదిహేను రోజుల చొప్పున ఇవ్వాలి. నిర్ణీత కాలానికి ఒప్పందం మీద చేరినవాళ్ళకు కొత్త కోడ్ ప్రకారం ఒక్క ఏడాది చాలు. లెక్క ఇలా కట్టాలి: చివరి నెల వేతనాన్ని 15తో గుణించి 26తో భాగించాలి, వచ్చినదాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించాలి. 14,000 వేతనంతో పదేళ్ళు చేసినావిడకు 80,769 రూపాయలు వస్తాయి. ఈ లెక్క అంతా చివరి నెల వేతనం మీదనే నిలబడి ఉంది. అందుకని చివరి చీటీ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోగొట్టుకోకూడదు.

ఇక పోయేవాటి వైపు వద్దాం.

మన 14,000 మొత్తం బేసిక్, డి.ఏ.లే అనుకుందాం, లెక్క తేలికవుతుంది. పి.ఎఫ్. కింద మామూలుగా నూటికి 12 కోస్తారు, అంటే 1,680. ఇ.ఎస్.ఐ. కింద నూటికి ముప్పావలా, అంటే 105 రూపాయలు. మొత్తం 1,785 పోగా చేతికొచ్చేది 12,215. వృత్తి పన్ను ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15,000 దాకా లేదు. ఆపైన 20,000 వరకు నెలకు 150, అది దాటితే 200. మీ జీతం 14,000 అయి ఉండి వృత్తి పన్ను కోస్తే అది తప్పు కోతే.

చీటీలో ఒక్కొక్కప్పుడు కనిపించని డబ్బు ఇంకొకటి ఉంది. మీరు 1,680 ఇచ్చినట్టే యజమాని కూడా తన చేతినుంచి 1,680 పి.ఎఫ్.కు కలపాలి. అందులో 1,166 పింఛను నిధికి, మిగిలిన 514 మీ పి.ఎఫ్. ఖాతాకు వెళ్తాయి. ఇ.ఎస్.ఐ.కి కూడా నూటికి మూడుంబావలా చొప్పున 455 కట్టాలి. అంటే నెలనెలా మీ పేరున మీవీ వారివీ కలిపి 3,920 రూపాయలు జమ కావాలి. చీటీ చివరి అంకె ఒక్కటే చూసుకునేవారికి ఈ నాలుగు వేల సంగతే తెలియదు.

కోశారు సరే, కట్టారా? ఈ ప్రశ్న మనం నెలనెలా వేసుకోవాలి. ఏ నెల డబ్బు ఆ తరువాతి నెల 15వ తేదీలోగా కట్టాలి. ఇప్పుడు పి.ఎఫ్. పాస్‌బుక్కును ఉమంగ్ యాప్‌లో మన ఫోనులోనే చూసుకోవచ్చు. అలవాటు లేకపోతే ఇంట్లో పిల్లల్ని అడగండి, క్షణంలో తీసి చూపిస్తారు. చీటీలో ఉన్న అంకె పాస్‌బుక్కులోనూ ఉండాలి. ఒక నెల ఆలస్యమయితే అయిందనుకోవచ్చు. రెండు మూడు నెలలు వరుసగా కనిపించకపోతే ఊరుకోకూడదు. జీతంలో కోసిన పి.ఎఫ్. డబ్బు కట్టకుండా యజమాని అట్టేపెట్టుకుంటే అది ఒట్టి బాకీ కాదు. నమ్మి అప్పగించిన సొత్తును కాజేసిన నేరంగా శిక్షాస్మృతిలోనే ఉంది. ఆ నేరానికి మొదటి సాక్ష్యం ఏమిటి? కోసినట్టు అచ్చువేసి యజమానే ఇచ్చిన చీటీ.

మిగిలిన కోతల్లో అడ్వాన్సు వాయిదాలు, సొసైటీ అప్పు, జరిమానాలు ఉంటాయి. జరిమానాలకు ఒక చరిత్ర ఉంది. బ్రిటిషు పాలనలో మిల్లుల్లో, గనుల్లో జీతాలు నెలలకొద్దీ ఆపడం, ఆలస్యమయిందనీ సరుకు చెడిందనీ ఇష్టం వచ్చినట్టు కోసుకోవడం మామూలుగా ఉండేది. 1929లో వేసిన రాయల్ లేబర్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో ఈ బాధలు ఎత్తి చూపింది. ఆ తరువాతనే 1936లో వేతనాల చెల్లింపు చట్టం వచ్చింది. ఆ చట్టం సారమే ఇప్పటి వేతనాల కోడ్‌లోకి వచ్చింది. దాని ప్రకారం ఒక నెలలో జరిమానాలు ఆ నెల వేతనంలో నూటికి మూడు మించకూడదు. మన 14,000కు 420 రూపాయలన్న మాట. మీ సంజాయిషీ వినకుండా వేయకూడదు. వాయిదాల్లో వసూలు చేయకూడదు. అన్ని కోతలూ కలిసి కూడా వేతనంలో సగం దాటకూడదు. "ఇతరములు" అని ఒక గడి పెట్టి అందులో అంకె వేస్తే, అవి ఏ ఇతరములో విడమరిచి చెప్పమని అడిగే హక్కు మీకుంది.

అసలు చీటీయే ఇవ్వకపోతే? ఇది చాలామంది సోదరీమణుల కష్టం. చిన్న ప్రైవేటు బడుల్లో, నర్సింగ్ హోముల్లో, బట్టల దుకాణాల్లో "చీటీ ఏమిటమ్మా, జీతం ఇస్తున్నాం కదా" అంటారు. వేతనాల కోడ్ ప్రకారం చీటీ ఇవ్వడం యజమాని దయ కాదు, విధి. ఇదివరకటి 1936 చట్టం చివరి రోజుల్లో 24,000 రూపాయల లోపు వేతనాలకే వర్తించేది. ఇప్పటి కోడ్‌లో ఆ పరిమితి లేదు. నెల జీతం తరువాతి నెల ఏడవ తేదీలోగా ఇవ్వాలి. ఉద్యోగం మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో బాకీ తీర్చాలి. తక్కువ ఇచ్చారనో అక్రమంగా కోశారనో ఫిర్యాదు చేసుకోవడానికి మూడేళ్ళ గడువుంది. ఇంకొక మంచి మాట ఏమిటంటే, అలా ఫిర్యాదు వచ్చినప్పుడు "ఇచ్చాం" అని రుజువు చేయవలసిన భారం యజమానిదే.

"రుజువు భారం వారిదయినప్పుడు మాకు చీటీ ఎందుకు?" అని మీరడగవచ్చు. వారి చేతిలో రిజిస్టర్లు ఉంటాయి, వాటిలో మీ సంతకాలూ ఉంటాయి. ఇరవై వేలకు సంతకం చేయించుకుని పన్నెండు వేలు చేతిలో పెట్టే చోట్లు లేకపోలేదు. అక్కడ మీ మాటకు బలం కావాలంటే మీ దగ్గర కూడా ఏదో ఒక కాగితం ఉండాలి.

చీటీ లేనివాళ్ళు ఇలా చేయండి. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ తేదీన ఎంత తీసుకున్నారో, ఎవరి చేతిమీదుగా తీసుకున్నారో, ఎన్ని రోజులు పనిచేశారో అప్పటికప్పుడు రాయండి. నెల తిరిగాక గుర్తు తెచ్చుకుని రాస్తే దానికి విలువ తగ్గుతుంది. జీతం బ్యాంకులో వేయించుకోండి. హాజరు కార్డు, గుర్తింపు కార్డు, ఫోనులో వచ్చిన "రేపు త్వరగా రండి" అన్న సందేశాలు కూడా దాచండి. ఇవేవీ చీటీతో సమానం కావు. కాని అన్నీ కలిపితే మీరు అక్కడ పనిచేశారన్న మాట నిలబడుతుంది.

"ఇవన్నీ అడిగితే ఉద్యోగంలో ఉంచుతారా?" అన్న భయం ఉంటుంది. ఆ భయం ఉత్తిదని నేననను. ఇల్లు ఆ జీతం మీద నడిచేవాళ్ళకు ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు. కాని అడిగే తీరు ఒకటుంది. గొడవ వచ్చాక అడిగితే ఫిర్యాదులా ఉంటుంది. చేరిన మొదటి నెలలోనే, "పిల్లవాడి ఫీజు రాయితీకి కావాలండి", "బ్యాంకులో అప్పుకు అడుగుతున్నారండి" అని అడిగితే మామూలు మాటగా ఉంటుంది. అది అబద్ధం కూడా కాదు. ఏ బ్యాంకు అప్పుకు వెళ్ళినా సాధారణంగా మూడు నెలల చీటీలు అడుగుతారు. ఒక్కరే అడగడం కన్నా నలుగురు కలిసి అడగడం మేలు. అప్పటికీ ఇవ్వకపోతే కార్మిక శాఖ కార్యాలయం ఉంది. ప్లీడరుకు ఫీజు ఎక్కడ తేవాలని బెంగ వద్దు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు.

ఇప్పుడు ఉద్యోగం చేయని సోదరీమణులకు ఒక మాట. ఇది మాకు సంబంధించింది కాదని రేడియో గొంతు తగ్గించకండి. మీ వారి జీతం చీటీలు ఎక్కడున్నాయో మీకు తెలుసా? అశుభం పలకడం నా ఉద్దేశం కాదు. కాని పి.ఎఫ్. సభ్యుడు ఉద్యోగంలో ఉండగా పోతే భార్యకు మూడు రావచ్చు: ఖాతాలోని డబ్బు, పింఛను, 1976లో పెట్టిన బీమా పథకం కింద 7 లక్షల దాకా సొమ్ము. పింఛనుకు పదేళ్ళ నియమం ఇక్కడ అడ్డు రాదు; ఒక నెల చందా కట్టి ఉన్నా చాలు. ఇవి ఉన్నాయని తెలియక ఊరుకున్న ఇళ్ళున్నాయి. ఏ నంబరు మీద అడగాలో తెలియక తిరిగిన ఇళ్ళు ఇంకా ఎక్కువ. ఆ నంబరు ఉండేది చీటీ మీదే. రోడ్డు ప్రమాదం కేసయితే ట్రిబ్యునలు నష్టపరిహారం లెక్క కట్టేది పోయిన మనిషి సంపాదన మీద. దానికి రుజువు చూపలేకపోతే కోర్టువారు ఏదో ఒక అంకె ఊహించుకోవలసి వస్తుంది. ఆ ఊహ మన మనిషి కష్టానికి సరితూగుతుందన్న భరోసా లేదు.

దాచే పద్ధతి చెప్పి ముగిస్తాను. కాగితం చీటీ అయితే ఏడాదికొక కవరు పెట్టండి, మీద ఆ ఏడు రాయండి. కొన్ని చీటీల మీద అచ్చు ఎండకు, వేడికి వెలిసిపోతుంది. అందుకని వచ్చిన రోజే ఫోనులో ఫోటో తీయండి. ఫోనులోనో, కంపెనీ ఇచ్చిన మెయిలులోనో వచ్చే చీటీతో ఇంకో ప్రమాదం ఉంది. ఉద్యోగం మానేసిన రోజున ఆ తలుపు మూసేస్తారు. పాత చీటీలన్నీ అటే ఉండిపోతాయి. కనుక ప్రతినెలా దింపుకుని మీ సొంత మెయిలుకు పంపుకోండి. ఏడాదికొకసారి అచ్చు తీయించి కవరులో పెట్టుకుంటే మరీ మంచిది.

ఎన్నాళ్ళు దాచాలి? ఫిర్యాదుకు మూడేళ్ళ గడువుంది కనుక మూడేళ్ళకు తక్కువ పనికిరాదు. నా సలహా మాత్రం పి.ఎఫ్. సొమ్ము చేతికొచ్చి, పింఛను మంజూరయ్యేదాకా ఒక్కటీ పారేయవద్దని. మరీ చోటు లేదంటే, చేరిన నెలదీ, జీతం పెరిగిన ప్రతి నెలదీ, ఏటా మార్చి నెలదీ, మానేసిన నెలదీ తప్పకుండా ఉంచండి. మిగతావాటికి ఫోటోలయినా ఉండాలి.

ఇక మా వదినగారి సంగతి. "కాగితం ఉందా?" అంటే ఆవిడ "లేదండీ" అనే ఇంటికి వచ్చేశారు. తన చీటీలు ఎప్పుడూ దాచుకున్న మనిషి కాదు. కాని వాళ్ళ అత్తగారికి ఒకవైపు తెల్లగా ఉన్న కాగితం పారేయాలంటే ప్రాణం ఒప్పేది కాదు. కోడలు తెచ్చి గూట్లో పడేసిన చీటీలన్నీ తీసి వెనకవైపు కిరాణా చిట్టాలు రాసి, తీగకు గుచ్చి ఉంచేవారు. ఆవిడ పోయి చాలా కాలమయినా ఆ తీగ అటకమీదనే ఉంది. దింపి ఏరితే ఖాళీగా ఉన్న ఇరవైనాలుగు నెలల్లో పదిహేను నెలల చీటీలు దొరికాయి. ఒకవైపు "కందిపప్పు రెండు కిలోలు, బెల్లం అర్ధకిలో", రెండోవైపు పి.ఎఫ్. కోత.

ఆ పదిహేను చీటీలతో పి.ఎఫ్. కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చారు. విచారణ జరిగింది. తను ఇచ్చిన కాగితాన్ని యజమాని కాదనలేడు కదా! ఆ నెలల డబ్బు కట్టించారు. తొమ్మిదేళ్ళ సర్వీసు పదేళ్ళ మూడు నెలలయింది, పింఛను వచ్చింది. నెలకు రెండు వేల చిల్లర. చిన్న మొత్తమే అనవచ్చు. కాని బతికున్నన్నాళ్ళూ ఒకరి ముందు చేయి చాపకుండా మందులు కొనుక్కోవచ్చుననే ఆవిడ ధైర్యం చిన్నది కాదు. చీటీలు దొరకని తొమ్మిది నెలల సొమ్ము కోసం మాత్రం ఇంకో ఏడాది తిరిగారు.

అందరి అత్తగార్లూ చీటీల వెనక చిట్టాలు రాయరు. మన చీటీలు మనమే దాచుకోవాలి. ఈ నెల జీతం రాగానే చివరి అంకె దగ్గర ఆగకుండా పైనుంచి కిందికి ఒకసారి చదవండి. అర్థం కాని గడి కనిపిస్తే అడగండి. తరువాత దాన్ని పాల పద్దూ, ఫీజు రసీదులూ పెట్టే చోటే పెట్టండి.